కొత్త బండి, మొదటి 600 మైళ్ళు: డాలస్ కుర్రాళ్ళకు నాలుగు మాటలు

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉద్యోగంలో కాస్త కుదురుకున్న మన కుర్రాళ్ళకు మార్చి రాగానే మోటార్ సైకిల్ మీద మనసు పుడుతుంది. అక్కడి నుంచి నాకు ఫోన్లు మొదలు. "అన్నా, తెచ్చి వారం కూడా కాలేదు, ఇంజిన్ ఆపేశాక టిక్కు టిక్కుమంటోంది, ఏదో కాలిన వాసన కూడా వస్తోంది, షోరూం వాడు పాత ముక్క అంటగట్టాడంటావా?" అని. అంటగట్టలేదు. వేడెక్కిన సైలెన్సర్ పైపు చల్లారుతూ కుదించుకునేటప్పుడు వచ్చే చప్పుడది, బండి ఎంత పాతబడినా వస్తూనే ఉంటుంది. వాసన మాత్రం ఫ్యాక్టరీలో పైపుల మీద మిగిలిన నూనె, పూత కాలడం వల్ల వచ్చేది, నాలుగైదుసార్లు బాగా వేడెక్కితే అదే పోతుంది. పైపు ఇంజిన్ దగ్గర ముందు బంగారు రంగుకీ తర్వాత నీలానికీ తిరుగుతుంది, దానికీ టెన్షన్ పడక్కర్లేదు.

ఊళ్ళో ఉన్నప్పుడు బండి గురించి మనకేమీ తెలియకపోయినా నడిచిపోయింది, ఎందుకంటే సందు చివర మెకానిక్ ఒకడుండేవాడు, రెండుసార్లు యాక్సిలరేటర్ తిప్పి విని, పది నిమిషాల్లో సరిచేసి, యాభయ్యో వందో తీసుకుని పంపేవాడు. ఇక్కడ ఆ మనిషి లేడు. షాపులో లేబర్ గంటకు వంద డాలర్ల పైమాటే, వసంతకాలంలో అయితే అపాయింట్‌మెంట్ రెండు మూడు వారాలకు గానీ దొరకదు. కాబట్టి అతను చేసిన పనిలో సగం ఇక మీదే. బండితో పాటు ఇచ్చిన మాన్యువల్ సొరుగులో పడేయకుండా ఒక ఆదివారం కూర్చుని చదవండి, నన్నడిగే ప్రశ్నల్లో ముప్పాతిక వంతుకు జవాబులు అందులోనే ఉన్నాయి.

లైసెన్సు సంగతి ముందే తేల్చేసుకోండి. కారుకిచ్చే క్లాస్ సీ మీద మోటార్ సైకిల్ నడపకూడదు, క్లాస్ ఎం కావాలి, దానికి టెక్సస్‌లో సేఫ్టీ కోర్సు తప్పనిసరి. "ఇంటర్ నుంచి పల్సర్ నడుపుతున్నా, నాకు కోర్సెందుకు" అనకండి. గాబరాగా బ్రేక్ వేయడం, మలుపులో చూపు ఎటుండాలి అన్నవి మనలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. పైగా ఇక్కడ కుడివైపు ట్రాఫిక్, బండెక్కగానే పాత అలవాటు కారులో కంటే గట్టిగా లాగుతుంది, ముఖ్యంగా ఖాళీ పార్కింగ్ లాట్ నుంచి రోడ్డెక్కేటప్పుడు.

మొదటి 600 మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు వెయ్యి కిలోమీటర్లు, బండి సర్దుకునే సమయం. చాలా బండ్లకు మొదటి సర్వీసింగ్ కూడా అక్కడే, కొన్నిటికి ఇంకా ముందే, మాన్యువల్ చూసుకోండి. ఈలోగా హైవే 75 మీదో టోల్‌వే మీదో ఒకే స్పీడులో గంటల తరబడి లాగించకండి. అలాగని భయపడి టాప్ గేర్‌లో మూలుగుతూ నడపడమూ మంచిది కాదు, ఇంజిన్ స్పీడు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. ప్రాస్పర్, సెలీనా వైపు ఎఫ్ఎం రోడ్లు, అంటే పల్లెల మీదుగా పోయే చిన్న రోడ్లు, దీనికి బాగుంటాయి. ఆ రోడ్లమీద మలుపుల్లో కంకర ఉంటుంది, కొత్త టైర్లకు మొదటి వంద మైళ్ళు పట్టు తక్కువ, కాబట్టి వంపులు తిప్పే సరదా కొన్నాళ్ళు వాయిదా వేసుకోండి. బ్రేక్ ప్యాడ్లూ అంతే, అరిగి డిస్కుకు సరిగ్గా ఆనేదాకా పూర్తి పట్టు రాదు.

మిగతా కంగారు ప్రశ్నలు గబగబా చెప్పేస్తాను. ఫస్ట్ గేర్ వేస్తే ఠక్‌మనడం మామూలే. న్యూట్రల్ పడకపోతే బండి పూర్తిగా ఆగకముందే సెకండ్ నుంచి మెల్లిగా తట్టండి, అప్పటికీ పడకపోతే క్లచ్ లివర్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టుకోకముందు లివర్ ఖాళీగా ఆడే దూరం, చూసుకోండి, కొత్త క్లచ్ కేబుల్ కొంచెం సాగుతుంది. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కాస్త కదిలేదాకా ఆరదు. సైడ్ స్టాండ్ దించి గేర్ వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, అది పాడవడం కాదు, ఏర్పాటే అంత. బండి పక్కకు వాలి ఉన్నప్పుడు ఫ్యూయల్ మీటర్ చూపించే లెక్క నమ్మకండి. ట్యాంకు మూతి అంచుదాకా పెట్రోల్ నింపకండి, పెట్రోల్ ఆవిరిని పట్టుకునే డబ్బాలోకి పెట్రోలే పోయి తర్వాత స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంది. అన్నట్టు 87 ఆక్టేన్ పెట్రోల్ చాలు అని మాన్యువల్‌లో ఉంటే 93 పోయించడం వల్ల డబ్బు దండగే తప్ప బండికి ఒరిగేదేమీ లేదు.

చైన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, కొత్త బండిలో నిజంగా మారేది అదే. మొదటి కొన్ని వందల మైళ్ళలో చైన్ సాగి వదులవుతుంది, స్పీడు తగ్గించి పెంచినప్పుడల్లా కింద నుంచి టపటపమని కొడుతుంది. మాన్యువల్ చెప్పినట్టు స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, కింది వరస మధ్యలో వేలితో పైకి నొక్కి, ఎంత ఆడుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఎంత ఉండాలో చైన్ గార్డు మీదో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, ఒక్కో బండికి ఒక్కో లెక్క, మీ రూమ్మేట్ బండి లెక్క మీకు పనికిరాదు. ఒక్కచోట కొలిచి వదలకండి, బండిని కొంచెం ముందుకు తోసి మళ్ళీ కొలవండి, ఒకచోట బిగువుగా ఒకచోట వదులుగా ఉండొచ్చు, బిగువుగా ఉన్న చోటే లెక్కలోకి తీసుకోవాలి. మనవాళ్ళు చప్పుడు పోవాలని బాగా బిగించేస్తారు. వదులు చైన్ కంటే అతిగా బిగించిన చైన్ ప్రమాదం, మీరు కూర్చుని గుంత మీదుగా పోయినప్పుడు అది ఇంకా బిగుసుకుని బేరింగులను తినేస్తుంది. ఇంట్లో బిగిస్తే వెనక ఇరుసు నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించండి, అది కొనడానికి మనసొప్పకపోతే ఆ ఒక్క పనీ షాపుకే వదిలేయండి. ఇంజిన్ నడుస్తుండగా చక్రం తిరుగుతుంటే చైన్‌కు గుడ్డ పెట్టి తుడవకండి. ఆ గుడ్డతో పాటు వేళ్ళు పోయినవాళ్ళున్నారు.

ఆయిల్ పోయాల్సి వస్తే వాల్‌మార్ట్‌లో చవగ్గా వచ్చిందని కారు ఆయిల్ పోయొద్దు. చాలా మోటార్ సైకిళ్ళలో క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, మైలేజీ కోసం జారుడు మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద మోటార్ సైకిల్ ఆయిల్‌కిచ్చే జపాన్ ప్రమాణం జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి.

ఇక వెయిట్ చేయకూడనివి. బ్రేక్ లివర్ స్పాంజిలా మెత్తగా ఉండటం, బండి కింద నేల మీద ఆయిలో కూలెంటో చుక్కలు పడటం, నడుస్తుంటే ఇంజిన్ లైటు వెలిగి ఉండిపోవడం, ముందు బ్రేక్ పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ దగ్గర టక్కుమనడం, స్పీడులో హ్యాండిల్ వణకడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డీలర్‌కు ఫోన్ చేయండి, చేసి ఊరుకోకుండా ఈమెయిల్ కూడా పెట్టండి, వీడియో తీసి పంపండి. కౌంటర్ దగ్గర నవ్వుతూ "అవన్నీ కామన్ అండి" అంటే మనకు మొహమాటం, సరేనని వచ్చేస్తాం. ఫిర్యాదు రాసిన రిపేర్ ఆర్డర్ కాగితం అడిగి తీసుకోండి, ఏమీ దొరకలేదని రాసినా పర్లేదు. పదే పదే పాడయ్యే కొత్త బండి కొన్నవాళ్ళను కాపాడే టెక్సస్ లెమన్ లా కొత్త మోటార్ సైకిళ్ళకూ వర్తిస్తుంది, అంతదాకా వెళ్ళాల్సి వస్తే పనికొచ్చేది ఆ కాగితాలే. డీలర్ దగ్గర సర్వీసింగ్ చేయించకపోతే వారంటీ పోతుందని భయపెడతారు, 1975 నాటి ఫెడరల్ వారంటీ చట్టం ప్రకారం కేవలం బయట చేయించారన్న కారణంతో వారంటీ ఎగ్గొట్టడం కుదరదు, కానీ రసీదులు దాచుకోవాలి. బండి గుర్తింపుగా ఉండే 17 అంకెలూ అక్షరాల విన్ నంబరు, రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే మీ బండి మీద రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది, ఏడాదికి రెండుసార్లు చూసుకోండి.

వాహన పూజ చేయించుకోండి, ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర చేయించుకునేవాళ్ళు బోలెడంత మంది. కాకపోతే హారతి పళ్ళెం పెట్రోల్ ట్యాంకుకు దూరంగా ఉంచమనండి, అసలే నున్నగా ఉన్న టైరు మీది నిమ్మకాయ రసం తుడిచి బయల్దేరండి. మ్యాట్ పెయింట్ అయితే కుంకుమ మరక వదలదు.

జూలై, ఆగస్టు ఎండకి ఇక్కడ తారు మెత్తబడుతుంది, సైడ్ స్టాండ్ మెల్లగా దిగబడి సాయంత్రానికి బండి పడిపోయి ఉంటుంది. స్టాండ్ కింద పెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్ళ కొన్ని డాలర్లకే దొరుకుతుంది, జేబులో పెట్టుకోండి. వసంతంలో వడగళ్ళు. అపార్ట్‌మెంట్‌లో ఓపెన్ పార్కింగే దిక్కయితే వడగళ్ళలాంటి వాటి నష్టానికి డబ్బిచ్చే కాంప్రెహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఎందుకంటే టెక్సస్ అడిగే కనీస ఇన్సూరెన్స్ 30/60/25 వేల డాలర్లు, అంటే గాయాలకు ఒక్కొక్కరికి 30, మొత్తం 60, ఆస్తి నష్టానికి 25, ఎదుటివాళ్ళకు కట్టేదే, మీ బండికీ మీ కాలికీ పైసా రాదు. ఇన్సూరెన్స్ లేని డ్రైవర్ గుద్దితే మీకొచ్చే కవరేజీ కూడా వద్దని సంతకం పెట్టకండి, నెలకు కొద్ది డాలర్ల తేడాకి ఆస్పత్రి బిల్లు నెత్తిన వేసుకోవద్దు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, కోర్సు చేసినవాళ్ళకో మెడికల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకో హెల్మెట్ లేకపోయినా ఇక్కడ చలానా రాయరు. అయినా పెట్టుకోండి, ఈ విషయంలో నాతో వాదించకండి. ట్రాఫిక్ ఆగితే కార్ల మధ్య సందులోంచి దూరిపోవడం కాలిఫోర్నియాలో చెల్లుతుంది, టెక్సస్‌లో చెల్లదు.

నవంబర్‌లో మొదటి చలి రాగానే టైర్లలో గాలి చూడండి. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుదలకి సుమారు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది, బండి తీయకముందే, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వారాల తరబడి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది, చిన్న మెయింటెయినర్ చార్జర్ పెట్టుకుంటే సరి. పార్కింగ్‌లో ప్లగ్ లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్.