సాల్మన్ తినాలా, మానాలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయని తెలిశాక, పెంచిన సాల్మన్ అయితే సముద్రంలోది మిగులుతుంది కదా అని ఇన్నాళ్లూ అదే కొంటున్నాను. ఇప్పుడేమో పెంపకం వల్లే ఎక్కువ చేటు అంటున్నారు. ఇంతకీ ఏది కొనాలి, లేక పూర్తిగా మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండీ. కాకపోతే పెంచిన చేప కొన్నంత మాత్రాన సముద్రంలోది మిగిలిపోదు. సాల్మన్ వేటాడి తినే చేప. దాన్ని పెంచాలంటే మేతలో చేపపిండి, చేప నూనె కలపాలి, అవి పెరూ తీరంలో దొరికే నెత్తళ్ల లాంటి చిన్న చేపల నుంచి వస్తాయి. అంటే ఒకచోట మిగిల్చామనుకున్నదాన్ని ఇంకోచోట తీస్తున్నాం. ఇందులో మంచి మార్పు వచ్చిన మాట కూడా నిజమే, 1990ల్లో మేతలో చాలా భాగం చేపే ఉండేది, ఇప్పుడు నార్వేలో అది మూడో వంతు కూడా లేదు, మిగతాది సోయా లాంటి పంటలది.

మేత కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ కేజ్‌లు. కేజ్ అంటే సముద్రంలో వేలాడే పెద్ద వల, కొన్నిట్లో లక్షకు పైగా చేపలుంటాయి, వాటి రెట్ట, తినగా మిగిలిన మేత, వాడిన మందులు అన్నీ నేరుగా నీళ్లలోకే పోతాయి. అంత కిక్కిరిసిన చోట సముద్రపు పేను తెగ పెరుగుతుంది. అది చేప చర్మాన్ని పట్టుకుని కొరుక్కు తినే చిన్న జీవి. పెద్ద చేప ఓర్చుకుంటుంది గానీ, ఏట్లో పుట్టి మొదటిసారి సముద్రానికి బయల్దేరిన వేలెడంత పిల్ల ఆ కేజ్ పక్కనుంచి వెళ్లేటప్పుడు నాలుగు పేలు పట్టాయంటే ఇక బతకడం కష్టం. వల చిరిగి బయటపడ్డ చేపలు నదుల్లోకి చేరి అక్కడి వాటితో కలిస్తే, పుట్టే పిల్లలకు ఆ నీళ్లలో నెగ్గుకొచ్చే శక్తి తగ్గుతుంది. అట్లాంటిక్ సాల్మన్ సంఖ్య 2006 నుంచి 2020 మధ్య 23 శాతం పడిపోయిందని, అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా తయారుచేసే ఐయూసీఎన్ సంస్థ 2023లో చెప్పింది. కారణం పెంపకం ఒక్కటే కాదు, వేడెక్కుతున్న నీళ్లు, ఆనకట్టలు, కాలుష్యం కూడా ఉన్నాయి.

మరి వైల్డ్, అంటే పెంచకుండా పట్టింది, అని రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చా? అదీ కుదరదు. కాలిఫోర్నియాలో చేపలు బాగా తగ్గిపోయి 2023లో సాల్మన్ వేటే ఆపేశారు. యూకాన్ నదిలో చినూక్ రకాన్ని ఏడేళ్ల పాటు పట్టకూడదని 2024లో అమెరికాలోని అలాస్కా రాష్ట్రం, కెనడా ఒప్పందం చేసుకున్నాయి.

నేనైతే అలాస్కాలో పట్టే సాకై అనే రకం సాల్మన్ కొనమంటాను. అక్కడ చేపల్ని తరగనివ్వకుండా వాడుకోవాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, చేపల పెంపకాన్ని 1990లో నిషేధించారు. అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్లు లెక్కపెట్టే పద్ధతి. ప్రపంచంలోని సాకైలో దాదాపు సగం వచ్చే బ్రిస్టల్ బే అనే అఖాతంలో కలిసే నదుల్లో, ఒడ్డున ఎత్తయిన మంచె మీద మనిషి నిలబడి, గంటకు పది నిమిషాల చొప్పున, రాత్రీ పగలూ, కింద ఎదురీదుతూ పోతున్న చేపల్ని కౌంటర్ నొక్కుతూ లెక్కపెడతాడు. తర్వాత అవతలి ఒడ్డు. గుడ్లు పెట్టడానికి సరిపడా చేపలు పైకి వెళ్లడం లేదని లెక్కలో తేలితే పడవల్ని ఆపేస్తారు. ముందు నది వాటా, ఆ తర్వాతే మనిషి వాటా. 2022లో అక్కడికి 7 కోట్లకు పైగా సాకై వచ్చాయి, నూటయాభై ఏళ్లకు దగ్గరగా వేట సాగుతున్న చోట!

కొనేటప్పుడు లేబుల్ చదవండి. అట్లాంటిక్ అని ఉంటే అది దాదాపుగా పెంచిందే. లేబుల్ లేకపోతే ముక్కని చూడండి, లేత నారింజ రంగులో వెడల్పాటి తెల్లటి కొవ్వు చారలుంటే పెంచిన చేప అయ్యుంటుంది, సాకై ముదురు ఎరుపులో ఉంటుంది, చారలు సన్నం. ఎం.ఎస్.సి. వాళ్ల నీలి గుర్తు సముద్రంలో పట్టిన చేపకు, ఏ.ఎస్.సి. వాళ్ల పచ్చ గుర్తు పెంచిన చేపకు. ఈ గుర్తుల మీద విమర్శలు లేకపోలేదు, కానీ ఏ గుర్తూ లేని ముక్క కన్నా నయం. తాజా సాకై ఖరీదు ఎక్కువనిపిస్తే డబ్బాలో వచ్చే అలాస్కా పింక్ సాల్మన్ తీసుకోండి, అదీ సముద్రంలో తిరిగి పెరిగే చేపే.

ప్రశ్న: పెంచిన సాల్మన్‌కి రంగు వేస్తారట, తినాలంటే టెన్షన్‌గా ఉంది. నిజమేనా?

జవాబు: ముక్కకి పుయ్యరు, మేతలో కలుపుతారు. దాని పేరు అస్టాక్సాంథిన్. సముద్రంలో సాల్మన్‌కి ఇదే పదార్థం రొయ్యల్లాంటి వాటిని తింటే వస్తుంది. దీని గురించి భయపడకండి, భయపడాల్సినవి పైన చెప్పాను.

ప్రశ్న: నేనొక్కడినే ఇంత జాగ్రత్తపడితే ఏం ఒరుగుతుంది?

జవాబు: అమ్మేవాణ్ని "ఇది ఎక్కడ పట్టింది, ఎలా పట్టింది?" అని అడగండి. జవాబు రాకపోతే కొనకండి. పదిమంది ఇలా అడిగితే అతను తనకు సరుకిచ్చేవాణ్ని అడగక తప్పదు. రెండోది, తినడం తగ్గించి వారంలో ఒకసారి సాల్మన్ బదులు కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న చేపలు తినండి, అవి త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెడతాయి. వాటిక్కూడా ఎక్కడివని అడగాల్సిందే. ఆల్చిప్పలైతే ఇంకా మేలు, వాటికి మేత వెయ్యక్కర్లేదు, నీళ్లను వడకట్టుకుని బతికేస్తాయి.

మీరొక్కరే అనుకోకండి. అమెరికాలో క్లామత్ నది మీది నాలుగు ఆనకట్టల్ని తీసెయ్యమని అక్కడి ఆదివాసీ తెగలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2024లో వాటిని కూల్చేశారు. ఆ అక్టోబర్‌లోనే, వందేళ్లకు పైగా చేప చేరలేని ఎగువ నీళ్లలో చినూక్ సాల్మన్ కనిపించింది.