ఇంటిల్లిపాదికీ ఎస్‌యూవీ: బలం, మన్నికపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఐదుగురం. తిరుమలకి, చెన్నైకి తరచూ పోతుంటాం. హ్యుందాయ్ క్రెటా మామూలు పెట్రోల్‌కి 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి బలం కొలత), డీజిల్‌కి 116 పీఎస్ అంటున్నారు. ఒక్క పీఎస్ కోసం డీజిల్‌కి అంత ఎక్కువ పెట్టాలా? దానికన్నా 160 పీఎస్ టర్బో (గాలిని ఒత్తి సిలిండర్‌లోకి పంపే పరికరం ఉన్న) పెట్రోల్ మేలు గదా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: అంకెలు దాదాపు ఒకటే, అవి వచ్చే చోటు వేరు. పెట్రోల్ ఇంజిన్ 115 పీఎస్ ఇచ్చేది 6,300 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. డీజిల్ 116 ఇచ్చేది 4,000 దగ్గర. పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని 6,300 దాకా ఎవరూ తొక్కరు. మన బండ్లు ఎక్కువ సేపు తిరిగేది 1,500 నుంచి 2,500 మధ్యే. అక్కడ ఎంత బలం ఉందో మీరే లెక్క వేసుకోవచ్చు. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని (ఇంజిన్ మెలితిప్పే బలం) ఆర్‌పీఎమ్‌తో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. డీజిల్ టార్క్ 250, అదీ 1,500 నుంచి 2,750 దాకా నిలకడగా ఉంటుంది. అంటే 2,000 ఆర్‌పీఎమ్‌లో 71 పీఎస్. పెట్రోల్ గరిష్ఠ టార్క్ 144, అది వచ్చేది 4,500 దగ్గర. ఆ 144 మొత్తం 2,000 దగ్గరే వచ్చిందనుకున్నా 41 పీఎస్ దాటదు. తిరుమల ఘాట్‌లో ఏసీ వేసుకుని ఐదుగురితో ఎక్కేటప్పుడు తెలిసేది ఈ తేడానే. పెట్రోల్ బండిని రెండో గేరులోకి దించి 4,000 పైన తిప్పాలి. చప్పుడు ఎక్కువగా ఉంటుందే తప్ప ఇంజిన్‌కి హాని లేదు, నిశ్చింతగా తిప్పండి.

టర్బో పెట్రోల్ టార్క్ 253, 1,500 నుంచి 3,500 దాకా. కింద డీజిల్‌తో సమానం, పైన 160 పీఎస్. నడపడానికి చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ పదేళ్లు ఉంచుకునేవాళ్లు మూడు విషయాలు తెలుసుకుని కొనాలి. ఒకటి, ఇందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. మామూలు ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడి వాటిని కడుగుతూ ఉంటుంది. ఇక్కడ ఆ కడుగుడు లేదు, కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. రెండోది, టాప్ గేరులో 1,300 ఆర్‌పీఎమ్ దగ్గర ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా అదిమితే, స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంటుంది. పిస్టన్ పగిలేది అలాంటప్పుడే. గేరు దించి తొక్కాలి. ఆయిల్ కూడా డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉన్న గ్రేడే పోయించాలి, మన ఎండకి 7,500 కిలోమీటర్లకే మార్పించాలి. మూడోది, దీనికి వచ్చే డీసీటీ (రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే) గేర్‌బాక్స్‌లో పొడి క్లచ్‌లు ఉంటాయి, వాటిని చల్లబరిచే ఆయిల్ లేదు. వాలు మీద క్యూలో బ్రేక్ వదిలి యాక్సిలరేటర్‌తో బండిని ఆపి పట్టుకుంటే నిమిషాల్లో వేడెక్కుతాయి. బ్రేక్ మీదే ఆగి, ముందు బండి బారెడు జాగా ఇచ్చాక ఒకేసారి కదలాలి.

నెలకు 1,200 కిలోమీటర్లు దాటి, అందులో సగానికి పైగా హైవే అయితే డీజిల్ తీసుకోండి. అంత తిరగకపోతే 115 పీఎస్ పెట్రోల్. టర్బో లేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు, చెడిపోయేందుకు అందులో ఉన్నవే తక్కువ. దీర్ఘకాలానికి మా ఓటు దానికే.

ప్రశ్న: ఒంగోలులోనే ఉద్యోగం, ఆఫీసు ఆరు కిలోమీటర్లు. 2022లో కొన్న డీజిల్ బండి. రెండు నెలలకోసారి డీపీఎఫ్ లైటు వెలుగుతోంది. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగినట్టుంది. ఇదేం వింత? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: రెండూ ఒకే జబ్బు లక్షణాలండీ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటే అదే. అది నిండగానే కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడి చేసి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. బండి బాగా వేడెక్కి, ఆగకుండా 15, 20 నిమిషాలు పరిగెడితేనే ఇది పూర్తవుతుంది. మీ ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజిన్ వేడెక్కేలోపు ఆఫీసు వచ్చేస్తోంది. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో మీరు తాళం తీసేస్తారు. చాలా ఇంజిన్లలో ఆ అదనపు డీజిల్ సిలిండర్‌లోనే చిమ్ముతుంది. కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పెరగడానికి కారణం అదే. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను, టర్బోను అరగదీస్తుంది. డిప్‌స్టిక్‌లో గరిష్ఠ గీత దాటి ఉంటే కిలోమీటర్లు ఎన్నయ్యాయని చూడకుండా వెంటనే మార్పించండి.

లైటు వెలిగిన రోజు ఇలా చేయండి. ట్యాంకులో పావు వంతుకి పైగా డీజిల్ ఉండాలి, అది తగ్గితే చాలా బండ్లు రీజనరేషన్ మొదలే పెట్టవు. హైవే ఎక్కి సింగరాయకొండ వైపు వెళ్లండి. ఐదు లేక ఆరో గేరు బదులు నాలుగులో ఉంచి, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎమ్ మధ్య 20 నిమిషాలు నిలకడగా నడపండి. లైటు ఆరేదాకా ఆపకండి. మామూలు రోజుల్లో కూడా ఇంటి ముందు ఆపినప్పుడు ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కువగా ఉండి, ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే లోపల కాల్చే పని జరుగుతోందని గుర్తు. ఆపేయకుండా ఇంకో చుట్టు తిరిగి రండి. దీనితో పాటు ఇంజిన్ లైటు కూడా వెలిగి, బండి బలం తగ్గితే మీరు ప్రయత్నించవద్దు, వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చేయించాలి. ఆయిల్ తక్కువ బూడిద మిగిల్చే రకమే వాడాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2 లేక సీ3 అని ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఏది రాశారో అదే. మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లో ఉండిపోతుంది.

వారానికోసారైనా హైవే మీద అరగంట నడిపే వీలు లేకపోతే, మీ వాడకానికి డీజిల్ సరిపడదు. మంచి ధర పలుకుతుండగానే పెట్రోల్‌కి మారడం మేలు.

ప్రశ్న: మహీంద్రా 2.2 డీజిల్ ఒక్కటే స్కార్పియో-ఎన్‌లో 132 పీఎస్, 175 పీఎస్‌గా, ఎక్స్‌యూవీ700లో 185 పీఎస్‌గా వస్తోంది. తక్కువ బలం ఉన్నది ఎక్కువ కాలం మన్నుతుందా? (ఒక పాఠకుడు, గిద్దలూరు)

జవాబు: తక్కువ బలం అంటే సిలిండర్‌లో తక్కువ ఒత్తిడి, టర్బోలో తక్కువ వేడి. అది నిజమే గానీ పూర్తిగా తొక్కినప్పుడే. ఇంత పెద్ద బండి చదునైన రోడ్డు మీద 90లో పోవడానికి సుమారు 25 పీఎస్ చాలు. ఆ వేగంలో 132 ఇంజినూ, 175 ఇంజినూ చేసే పని ఒకటే, అరుగుదలా ఒకటే. పైగా మీరు నల్లమల ఘాట్ దాటి నంద్యాల వెళ్లాలన్నా, దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కాలన్నా, ఏడుగురూ సామానూ కలిపి అర టన్ను బరువు ఉంటుంది. 132 పీఎస్ బండిని అక్కడ ఎక్కువ సేపు పూర్తిగా తొక్కాల్సి వస్తుంది. ఆ రోడ్ల మీద తిరిగేవాళ్లకి 175 సరైనది. ఘాట్ ఎక్కాక వెంటనే తాళం తీయకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో షాఫ్ట్ దగ్గర ఆయిల్ మాడదు. యాడ్‌బ్లూ (పొగలో విషవాయువులు తగ్గించే యూరియా ద్రవం) ఉన్న బండైతే ఆ ద్రవాన్ని ఎండలో ఉండే షెడ్డులో నిల్వ చేయవద్దు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకుండా టో చేయించాలి.

ప్రశ్న: క్వారీల వైపు రోజూ తిరుగుతాం. ఎయిర్ ఫిల్టర్‌ని గాలి కొట్టించి వాడుకోవచ్చా? (ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: గాలి కొడితే కాగితం మడతల్లో కంటికి కనపడని చీలికలు పడతాయి. గ్రానైట్ పొడి చాలా గట్టిది, ఆ చీలికల్లోంచి వెళ్లి టర్బో రెక్కలనీ సిలిండర్ గోడలనీ అరగదీస్తుంది. దులిపి పెట్టండి, 5,000 కిలోమీటర్లకి చూడండి, 10,000కి మార్చండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పెట్టెలో ఇంజిన్ వైపు గోడని తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకి దుమ్ము అంటితే అంచు రబ్బరు సరిగ్గా కూర్చోలేదని అర్థం.

ప్రశ్న: రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే బోరు నీళ్లు పోస్తున్నాం. మూడేళ్లకే వేడెక్కుతోంది. (ఒక పాఠకుడు, కనిగిరి)

జవాబు: మీ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడే కాదు, ఉప్పుల శాతమూ ఎక్కువ. ఇంజిన్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండేది సిలిండర్ హెడ్, ఆ ఉప్పులు ముందు అక్కడే గడ్డకడతాయి. నీళ్ల కుండకి తెల్లటి పొర కట్టినట్టే అక్కడా కడుతుంది. ఆ పొర వేడిని బయటకి పోనివ్వదు. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే ఉన్నా హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు పట్టీ) మాడిపోవచ్చు. బోరు నీళ్లు పూర్తిగా తీయించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. రంగు ఒకటేనని వేరే రకం కలపవద్దు, రంగు ప్రమాణం కాదు. అసలు నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయో కూడా కనుక్కోవాలి. బయట కారుడు లేకుండా తగ్గుతుంటే గాస్కెట్ అనుమానించండి. మూత ఇంజిన్ చల్లారాకే తీయాలి.

ప్రశ్న: 2018 మోడల్ ఏడు సీట్ల డీజిల్, 1.2 లక్షల కిలోమీటర్లు. కొనేముందు ఏం చూడాలి? (ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు)

జవాబు: ముందు వరద. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే, రైల్వే లైను రెండూ దెబ్బతిన్నాయి. అలాంటి రోజుల్లో మునిగిన బండిని పైపైన కడిగి అమ్ముతుంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, తివాచీ కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి మరక చూడండి. ఇందులో ఒక్కటి కనపడినా వదిలేయండి. ఎంత చవకైనా వద్దు.

తర్వాత ఇంజిన్. మీరు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి పెట్టవద్దని చెప్పండి. నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోంది, తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటో ఇంజెక్టరో. ఐడిల్‌లో ఆయిల్ మూత విప్పి తలకిందులుగా దాని మీదే పెట్టండి. మూత ఎగిరెగిరి పడితే పిస్టన్ రింగులు అరిగాయి. నాలుగో గేరులో 50లో పోతూ పూర్తిగా తొక్కండి, ఆర్‌పీఎమ్ ముల్లు లేచి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆపినప్పుడు గేర్‌బాక్స్ దగ్గర టకటకమంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ అదురు తగ్గించే బరువైన చక్రం) పోయినట్టే, దాని ఖర్చు ధరలో తగ్గించమనండి. ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ పరీక్ష (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి కారే డీజిల్ కొలవడం) మెకానిక్‌తో చేయించండి. నాలుగు సీసాల్లో డీజిల్ సమానంగా పడాలి. ఇన్నోవా క్రిస్టాలో 150 పీఎస్, 343 న్యూటన్ మీటర్లు ఇచ్చే 2.4 డీజిల్ ఉంది. ఇంత పెద్ద బండికి ఆ బలం చాలు, అలాంటిది సర్వీసు రికార్డుతో దొరికితే కిలోమీటర్లు చూసి భయపడకండి.

ప్రశ్న: టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌లో ఇంజిన్ 92 పీఎస్, మోటారు 80 పీఎస్. కలిపి 172 రావాలి గదా, 116 అంటారేం? (ఒక పాఠకుడు, గూడూరు)

జవాబు: మోటారు 80 పీఎస్ ఇవ్వగలదు గానీ చిన్న బ్యాటరీ ఒకేసారి అంత కరెంటు ఇవ్వలేదు. ఇంజిన్ ఇచ్చేదానికి బ్యాటరీ ఇవ్వగలిగింది కలిపితే 116. ఘాట్‌లో ఎక్కువ సేపు ఎక్కితే బ్యాటరీ తగ్గి భారం ఇంజిన్ మీదే పడుతుంది, దిగేటప్పుడు మళ్లీ నిండుతుంది. మీ ఊరి ట్రాఫిక్‌కి ఇది చక్కటి బండి. బ్యాటరీకి 8 ఏళ్లు లేక 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. దాన్ని చల్లబరిచే గాలి జాలీకి సంచులు అడ్డం పెట్టవద్దు, ఏడాదికోసారి దాని ఫిల్టర్ శుభ్రం చేయించండి.