మీ ప్రశ్నలు: ‘సరే, తియ్యండి’ అన్నాక ముఖం ఎందుకు బిగుసుకుంటుంది?

ప్రశ్న: కొత్తగా కెమెరా కొన్నాను. ఎవరి ఫొటో తీసినా అడిగే తీస్తున్నాను, చాలామంది ‘సరే’ అంటారు కూడా. కానీ కెమెరా ఎత్తగానే ముఖం బిగుసుకుపోతుంది. చెప్పకుండా తీసినవే బాగుంటున్నాయి. ఇక అడగడం మానేయనా?

జవాబు: మానేయకండి, దయచేసి. చెప్పకుండా తీసిన ఫొటో మీకు బాగుండొచ్చు, తర్వాత చూసుకున్న ఆ మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. బిగుసుకుపోవడానికి కారణం మీరు అడగడం కాదు, అడిగిన వెంటనే క్లిక్ కొట్టేయడం. ‘సరే’ అన్నాక ఓ పది నిమిషాలు కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చోండి, మాట్లాడండి, వాళ్ల చేతులకి ఏదైనా పని ఉండేలా చూడండి. ‘నవ్వండి’ అని మాత్రం అనకండి, అలా అంటే వచ్చేది నవ్వు కాదు, పళ్లు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన గడియారాలు బాగుచేస్తారు. తియ్యమన్నారు కదా అని మొదట తీసిన పదిహేను ఫొటోలూ గుర్తింపు కార్డు మీద ఫొటోల్లాగే వచ్చాయి. అప్పుడు కెమెరా దించి, ఆ చిన్న చక్రం దేనికండీ అని అడిగాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆ చక్రాన్ని వెలుతురుకి ఎత్తి చూపిస్తూ, తెలియకుండానే కింది పెదవి లోపలికి లాక్కున్నారు. అది తీశాను. స్క్రీన్ మీద చూపిస్తే చాలాసేపు చూసి, ‘గోరు నల్లగా ఉంది బాబూ, ఇది వద్దు’ అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది కానీ ఆయన ముందే డిలీట్ చేశాను. ఆ తర్వాత ఆయనే చెయ్యి తుడుచుకుని, కుర్చీ కిటికీ వైపు జరుపుకుని, ‘ఇప్పుడు తియ్యి’ అన్నారు. ఆ రోజు తీసినవాటిలో మంచి ఫొటోలన్నీ అక్కణ్నుంచే మొదలయ్యాయి. వద్దంటే నిజంగా తీసేస్తాడని నమ్మకం కుదిరాకే మనిషి తేలికపడతాడు.

సాంకేతికంగా రెండు మాటలు చెబుతాను. గదిలో లైట్లు ఆపేసి, మనిషిని కిటికీకి కాస్త పక్కగా కూర్చోబెట్టండి, రెండు రకాల వెలుతురు కలిస్తే ఒంటి రంగు పాడవుతుంది. మరీ మీద పడి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, అందుకని కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉండండి. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ (జూమ్ లేనిది, వెలుతురుని ఎక్కువగా లోపలికి రానిచ్చేది) ఉంటే మొదట్లో అది చాలు. ఫోకస్ ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే.

ప్రశ్న: మా కుక్క నల్లది. ఫొటోలో నల్లటి ముద్దలా వస్తోంది, కళ్లు కనపడవు. పైగా కెమెరా చూస్తే చాలు, మంచం కిందకి దూరిపోతుంది. ఏం చెయ్యాలి?

జవాబు: మంచం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది వద్దని చెప్పడమే. దాని వైపు నుంచి చూడండి: రోజూ చూసే మీ ముఖం మాయమైపోయి ఆ చోట పెద్ద నల్లటి కన్ను ఒకటి రెప్ప వెయ్యకుండా చూస్తోంది, పైగా టిక్కుటిక్కుమని చప్పుడు. రెండు మూడు రోజులు కెమెరాని నేల మీద వదిలేయండి, వాసన చూసుకోనివ్వండి, పక్కన దానికి ఇష్టమైన తిండి పెట్టండి. మీ కెమెరాలో సైలెంట్ షట్టర్, అంటే చప్పుడు లేకుండా తీసే పద్ధతి, ఉంటే అదే వాడండి. తీసేటప్పుడు తిండి లేకుండానే పెదవులు నాక్కుంటున్నా, నిద్ర లేకుండా ఆవలిస్తున్నా, తల పక్కకి తిప్పేసి కంటి తెల్లభాగం కనపడేలా ఓరగా చూస్తున్నా ఆపేయండి, అవి ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. ఇవి నాకు మొదట్లో తెలియక, ఒక కుక్క ఆవలిస్తుంటే ఎంత ముద్దుగా ఉందో అని అదే పనిగా తీశాను, ఆ కుక్క నెల రోజులు నా దగ్గరికి రాలేదు. ఇప్పటికీ బాధే.

ఇక నలుపు. వెనక ఆకాశమో తెల్ల గోడో ఉంటే కెమెరా ఆ వెలుతురు చూసి మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది, కుక్క ముద్దయిపోతుంది. ఎండలోంచి తీసుకొచ్చి గుమ్మం దగ్గర నీడలో, ముఖం బయటికి ఉండేలా కూర్చోబెట్టండి, కళ్లలో చిన్న వెలుగు చుక్క పడుతుంది, ఆ చుక్కతోనే ముఖానికి ప్రాణం వస్తుంది. ఫ్రేమ్ నిండా కుక్కే ఉంటే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది: నల్లబొచ్చు బూడిదరంగుగా వస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) ఒక స్టాప్ వరకూ, అంటే సగం దాకా, తగ్గించండి. ఫ్లాష్ వద్దు. కుక్క కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, కళ్లు పచ్చగా మెరిసి దెయ్యంలా వస్తుంది. మీరు నిలబడి తీయకుండా నేల మీద పడుకుని దాని కంటి ఎత్తులో తీయండి.

కూర్చుని ఉంటే సెకనులో 250వ వంతు షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సరిపోతుంది, పరిగెడితే 1000వ వంతు కావాలి. కదిలే జంతువుని మన కన్ను అంత సరిగ్గా పట్టుకోలేదు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా 12 కెమెరాలు పెట్టి తీసేదాకా, దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్నది వాదనగానే ఉండేది. ఉంటాయి, అదీ బొమ్మల్లో గీసినట్టు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, పొట్ట కిందకి ముడుచుకున్నప్పుడు.

ప్రశ్న: తీయడానికి ఒప్పుకున్నారు కదా, నెట్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: అది వేరే ప్రశ్న, వేరేగా అడగండి, ఏ ఫొటో పెడుతున్నారో చూపించి మరీ అడగండి. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగాలి, కానీ పిల్లల్ని కూడా అడగండి, ఆరేళ్ల పిల్లకి కూడా తన ఫొటో మీద ఒక అభిప్రాయం ఉంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారో ఆ వివరం దాగి ఉండొచ్చు, పెట్టేముందు తీసేయండి. ఏడాది తర్వాత ‘అది తీసేస్తావా’ అని ఫోన్ వస్తే కారణం అడగకుండా తీసేసి, తీసేశానని వాళ్లకి చెప్పండి.