నెత్తి మీద వేడినీళ్లు పడితేనే ఫిట్సా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆదివారం తలకు పోసేటప్పుడు నాలుగైదు చెంబులు పడగానే చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తాడు, పిలిస్తే పలకడు. నిమిషంలో తేరుకుంటాడు. ఒంటికి పోసుకున్న రోజు ఏమీ కాదు. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఇది ఫిట్సేనా?
- ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మీరు రాసిన తీరు చూస్తే వేడినీళ్ల మూర్ఛ అనే అనుమానించాలి. దక్షిణ భారతంలో, అందులోనూ కర్ణాటకలో ఇది ఎక్కువ. బెంగళూరులోని నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి) డాక్టర్లు దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఇందులో వేడి ఒక్కటే కాదు, 40-50 డిగ్రీల నీళ్లు నెత్తి మీద వెంటవెంటనే ధారగా పడటమూ కారణమే. ఒంటికి పోసుకున్నప్పుడు రానిది అందుకే.

ముందు నీళ్ల సంగతి. కాగు నీళ్లు చన్నీళ్లతో తొలిపి, చెయ్యి పెట్టి చూస్తే చాలదు. పొయ్యి దగ్గర అలవాటైన చేతికి 42 డిగ్రీలూ గోరువెచ్చగానే ఉంటాయి. నీళ్ల థర్మామీటర్‌తో 37 దాటకుండా చూడండి. తలను వేరుగా, ముందుకు వంచి, సగం చెంబు చొప్పున ఆగి ఆగి కడగండి. చూపు మారగానే పొయ్యడం ఆపాలి. కొందరు పిల్లలకు ఆ క్షణం హాయిగా ఉండి ఇంకా పొయ్యమంటారు, తామే పోసుకుంటారు కూడా. అది మొండితనం కాదు, తిట్టకండి. గోలెం పక్కన కూర్చోబెట్టొద్దు, తలుపు గడియ పెట్టనివ్వొద్దు.

ఈసారి వస్తే ఎవరైనా ఫోన్లో వీడియో తీయండి. మామూలు సమయంలో తీసిన ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) చాలామందికి నార్మల్‌గానే వస్తుంది కాబట్టి డాక్టరుకు ఆ వీడియోనే ఎక్కువ పనికొస్తుంది. నల్లగొండలోనో హైదరాబాద్ నిమ్స్‌లోనో న్యూరాలజిస్టుకు (నరాల డాక్టరుకు) చూపించండి. నీళ్లు చల్లార్చినా ఆగకపోతే తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ అనే ఫిట్స్ మాత్ర ఇస్తారు. మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి, మెడికల్ షాపులో అడిగి వేయొద్దు. స్నానంతో సంబంధం లేకుండా కూడా వస్తుంటే రోజూ మందు వాడాల్సి రావచ్చు.



ఒళ్లంతా కొట్టుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచా వద్దు. అయిదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.