నకిలీ షీట్లా, నకళ్లా?

సందేహం: ఆఫీసులో కొత్తవాళ్ల కోసం ఎక్సెల్ మాక్రోల మీద, అంటే ఒక్క ఆదేశంతో చాలా పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముల మీద, ఒక నోట్ రాశాను. అందులో "ఈ మాక్రో నడిపితే నకిలీ షీట్లు దానంతట అదే తయారవుతాయి" అన్న వాక్యం చూసి అందరూ నవ్వారు. డూప్లికేట్ అంటే నకిలీయే కదా, తప్పెక్కడ?

సమాధానం: నవ్వరా మరి! మీ మాక్రో దొంగ లెక్కలు తయారు చేస్తోందని రాశారు. నకలు, నకిలీ రెండూ అరబ్బీ 'నక్ల్' నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాటలే, కానీ తెలుగులోకి వచ్చాక దారులు వేరయ్యాయి. నకలు అంటే ఉన్నది ఉన్నట్టు తీసిన ప్రతి, నకిలీ అంటే మోసం. మిమ్మల్ని దెబ్బతీసింది అసలు డూప్లికేట్ అన్న మాటే, ఎందుకంటే మనం దాన్ని రెండు రకాలుగానూ వాడేస్తాం: డూప్లికేట్ తాళంచెవిలో మోసం లేదు, డూప్లికేట్ సరుకులో ఉన్నదంతా మోసమే. కాపీ సంగతీ ఇంతే. షీటును కాపీ చేస్తాం, పరీక్షలో కాపీ కొడతాం.

'ప్రతి' అని రాయొచ్చు కదా అంటారేమో. రాయొచ్చు, కాకపోతే ఇలాంటి సూచనల్లో అది ఇబ్బంది పెడుతుంది. "ప్రతి షీటులో తేదీ మార్చండి" అంటే అన్ని షీట్లలోనా, ప్రతిగా తీసిన షీటులోనా? అందుకే నా ఓటు నకలుకే. బహువచనం నకళ్లు, పగలు పగళ్లు అయినట్టే.

ఇక 'దానంతట అదే' ఒకదానికే చెల్లుతుంది, షీట్లు చాలా కాబట్టి 'వాటంతట అవే' అనాలి. మాక్రోని మాత్రం ముట్టుకోకండి. ఒక్క ఆదేశంతో చాలా పనులు చేయిస్తుంది కాబట్టి దానికి 'పెద్ద' అనే అర్థమున్న ఆ గ్రీకు మాట వచ్చింది, అంతమాత్రాన 'స్థూలాదేశం' అంటే ఎవరికీ అర్థం కాదు. మాక్రోతో, మాక్రోలు, మాక్రోలో అని మన విభక్తులు దానికి హాయిగా అతుక్కుంటున్నాయి కూడా.

"ఈ మాక్రో నడిపితే షీటు నకళ్లు వాటంతట అవే తయారవుతాయి" అని దిద్దుకోండి.

అన్నట్టు, 'జనవరి' అనే షీటుకు మాక్రోతో 11 నకళ్లు తీస్తే ఎక్సెల్ మొదటి నకలుకే 'జనవరి (2)' అని పేరు పెడుతుంది, చివరిది 'జనవరి (12)' అవుతుంది. 1 ఏదని వెతక్కండి, అది మీ అసలు షీటే. మనం అసలుదాన్ని కూడా మూలప్రతి అని ప్రతుల్లోనే కలిపేస్తాం, ఇదీ ఆ లెక్కే.