డాక్టరమ్మ జవాబులు: నడుము మాత్ర, గ్యాస్ పొడి, బీపీ

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రాయగడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున పదింటికి కూర్చుంటే లేచేసరికి రాత్రి ఏడు. ఎత్తు 167 సెం.మీ., బరువు 86 కిలోలు. నెల కిందట బీపీ 152/96 ఉందన్నారు. అప్పట్నుంచి రోజూ అరగంట నడుస్తున్నాను, కూరల్లో ఉప్పు తగ్గించాం, రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నాను. మొన్న చూపిస్తే 150/94. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేం లేవు. మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వాడాలట, నిజమేనా? మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, పప్పు, ఆవకాయ, అప్పడం. నాలుగింటికి టీతో బరా (వడ లాంటిది), గుగుని (బఠాణీల కూర). సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, కడుపు ఉబ్బరం. వాటికి మందుల షాపులో ఏదో తెచ్చుకుని వేసుకుంటాను.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఆ ‘ఏదో’ ఏమిటో ముందు చూడండి బాబూ. షాపువాడు నడుము నొప్పికి ఇచ్చే మాత్రల్లో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో. ఇవి రోజూ వేసుకుంటే మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ బయటకు పంపకుండా పట్టి ఉంచుతాయి, బీపీ పెరుగుతుంది. ఇక ఉబ్బరానికి నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే పొడి. అందులో ఉండేది సోడా, అంటే సోడియమే. ఒక్క పొట్లంలో దాదాపు 2 గ్రాముల ఉప్పులో ఉన్నంత సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఆవిడ పాపం కూరలో చిటికెడు తగ్గిస్తే, మీరు సాయంత్రం గ్లాసులో కలుపుకుని తాగేస్తున్నారు!

అప్పడంలోనూ సోడా ఉంటుంది, ఉప్పు సరేసరి. బరంపురం అప్పడాలంటే నాకూ ప్రాణమే, కాదనను. కానీ రోజూ క్యారేజీలో అప్పడం, ఆవకాయ రెండూ ఉంటే కూరలో తగ్గించి లాభం లేదు. ఆదివారానికి ఒకటి ఉంచుకోండి. బరా బదులు ఉడికించిన శనగలు, జామకాయ పట్టుకెళ్లండి. చపాతీల సంగతి: నూనె రాసి నాలుగు తింటే అన్నానికీ వాటికీ పెద్ద తేడా లేదు.

నడక మానొద్దు, మంచి పని చేస్తున్నారు. అయితే ఆ అరగంట తర్వాత తొమ్మిది గంటలు కదలకపోతే నడుమూ పట్టేస్తుంది, పొట్టా ఉబ్బుతుంది. గంటకోసారి లేవండి. ఫోన్లు నిలబడి మాట్లాడండి. ప్యూన్‌తో తెప్పించుకునే ఫైలు మీరే వెళ్లి తెచ్చుకోండి, కొంపలేం మునగవు.

మీ ఎత్తుకి 86 కిలోలు ఊబకాయం కిందే లెక్క. ‘పదేళ్లుగా నా ప్యాంటు సైజు మారలేదండీ’ అని చాలామంది మగవాళ్లు నాతో వాదిస్తారు. మారదు మరి, ప్యాంటు పొట్ట కిందికి జారింది కదా! టేపు బొడ్డు దగ్గర పెట్టి కొలవండి. మగవాళ్లకి 90 సెం.మీ. దాటకూడదు. కిలో బరువు తగ్గితే బీపీలో పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది, కాబట్టి నెలకే అద్భుతం జరగలేదని దిగులు పడకండి. గురక పెడతారేమో ఇంట్లో అడగండి. గట్టి గురక, పగలు కునుకుపాట్లు ఉంటే అదీ డాక్టరుకి చెప్పాలి. పొగాకు ముద్ద గుడాఖు సంగతి మీరు రాయలేదు. మన వైపు దాంతో పళ్లు తోముకుంటూనే ‘నాకు పొగాకు అలవాటు లేదు’ అనేవాళ్లు బోలెడంతమంది. ఉంటే మానేయండి.

బీపీ కొలిపించుకునే ముందు అరగంట టీ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుతుంది. ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. సగటు 135/85 దాటితే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), షుగర్, ఈసీజీ చూస్తారు. తలనొప్పి లేదని ధైర్యం వద్దు, చాలామందికి బీపీ ఏ బాధా లేకుండానే ఉంటుంది.

మాత్రలంటారా, చాలామంది ఏళ్ల తరబడి వాడాల్సిందే. బరువు బాగా తగ్గినవాళ్లకి డోసు తగ్గించినవీ, ఆపేసినవీ నేను చూశాను. ఆ నిర్ణయం డాక్టరుది. ఖర్చుకి భయపడకండి, ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం.

ప్రశ్న: బీపీ ఉన్నవాళ్లు ఎండాకాలం పఖాళ తినకూడదా?
– ఒక గృహిణి, జయపురం

జవాబు: తినొచ్చమ్మా. మన తరవాణి లాంటిదే కదా. దాంట్లో ఉప్పు వేయకండి, పక్కన ఎండుచేప బదులు ఉల్లిపాయ, పెరుగు పెట్టుకోండి.