సోడియం లేని సోడా: ఎవరికి మంచిది, ఎవరికి కాదు

ప్రశ్న: అమ్మకు బీపీ. ఉప్పు తగ్గించమన్నారు. కేకుల్లో వంట సోడాకు బదులు పొటాషియం బైకార్బనేట్ వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కేకు పొంగుతుంది, ఆ బెంగ వద్దు. ముందు అమ్మగారి మందుల చీటీ చూడండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపేస్తాయి. ఈ పొడి బరువులో 39 శాతం పొటాషియమే. 5 గ్రాముల్లో దాదాపు 2 గ్రాములు. ఆ మందులు వాడేవారికీ, కిడ్నీ జబ్బున్నవారికీ రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదముంది. సోడియం లేదు కాబట్టి బీపీ ఉన్న అందరికీ మంచిదేనన్న మాట నమ్మకండి. డాక్టరును అడిగాకే వాడండి.

సరేనంటే, వంట సోడా 5 గ్రాములు వేసే చోట ఇది 6 గ్రాములు వేయాలి. దీని అణుభారం 100, సోడాది 84. అదే గ్యాసు రావాలంటే బరువు పెరగాలి. పిండిలో పుల్లటి పెరుగో నిమ్మరసమో ఉండాలి. పులుపు చాలకపోతే ఓవెన్ వేడికి ఇది పొటాషియం కార్బనేట్‌గా మారి, కేకు చేదుగా, సబ్బు రుచిగా వస్తుంది. బేకింగ్ పౌడర్‌కు బదులు నేరుగా వేయకండి, అందులో పులుపు ముందే కలిసి ఉంటుంది. ప్యాకెట్ మీద ఫుడ్ గ్రేడ్ అనీ, ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాల నంబరు) 501(ii) అనీ ఉందో లేదో చూసి కొనండి. 501(i) అంటే కార్బనేట్, అది వేరు.

ప్రశ్న: చలికాలంలో మిద్దెతోటలో గులాబీకి, సొరపాదుకు బూడిద తెగులు. పొటాషియం బైకార్బనేట్ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: బాగా పనిచేస్తుంది, కానీ తెల్లమచ్చలు మొదలవగానే కొట్టాలి. ఆకంతా కమ్మాక లాభం తక్కువ. లీటరు నీళ్లకు 5 గ్రాముల పొడి, నాలుగైదు చుక్కల లిక్విడ్ సోప్ కలపండి. సోప్ లేకపోతే మందు ఆకుకు అంటక జారిపోతుంది. మంజీరా నల్లా నీళ్లు మేలు. బోరు నీళ్లు గట్టివైతే (సబ్బు నురగ రానివైతే) సోప్ విరిగి, తెట్టు కట్టి, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది.

ముందు రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు చూడండి. అంచులు మాడకపోతే, ఎండ తగ్గాక ఆకు పైనా కిందా తడిసేలా కొట్టండి. ఇది తగిలిన చోటే పనిచేస్తుంది, మొక్క లోపలికి పాకదు. అందుకే కొత్త చిగుళ్ల కోసం వారానికోసారి మళ్లీ కొట్టాలి. డోసు పెంచితే తెగులు కంటే ముందు ఆకే మాడుతుంది. కలిపిన మందు ఆ రోజే వాడేయండి. అందులో వెనిగర్ మాత్రం కలపకండి, పొడి అంతా గ్యాసై పోతుంది.

వంట సోడా కూడా కొంత పనిచేస్తుంది. అయితే దానిలోని సోడియం కుండీ మట్టిలో పేరుకుని వేళ్లను దెబ్బతీస్తుంది. పొటాషియం మొక్కకు కావలసిన పోషకమే. కుండీల్లో పెంచేవారు ఇదే వాడాలని మా గట్టి సలహా.